మడమ నుంచి తీసే రక్తపు చుక్క

ప్రియమైన పిల్లలకు,

మన ఇళ్లలో పసిబిడ్డకు ఏ లోపం ఉన్నా ముందు తల్లినే వేలెత్తి చూపుతారు. గ్రహణం వేళ బయటికి వెళ్లిందనో, తినకూడనిది తిన్నదనో అంటారు. ఆ మాటలు వింటే నా కడుపు రగిలిపోతుంది. పుట్టుకతోనే వచ్చే థైరాయిడ్ లోపం విషయంలో అసలు జరిగేది వేరు.

ఎదుగుదలకు కావలసిన హార్మోన్‌ను తయారుచేసే థైరాయిడ్ గ్రంథి మొదట నాలుక మొదట్లో పుట్టి, గర్భంలోనే మెల్లగా మెడలోకి దిగుతుంది. కొందరిలో అది ఏర్పడదు, కొందరిలో దారిలోనే ఆగిపోతుంది. ఎక్కువ మంది బిడ్డల్లో జరిగేది ఇదే. దీనికి జన్యు కారణం దొరికేది కొద్దిమందిలోనే.

రెండో రకంలో గ్రంథి ఉంటుంది, హార్మోన్ తయారీ మాత్రం సాగదు. రక్తంలోని అయోడిన్‌ను కణాల్లోకి లాగడానికి ఒక ప్రోటీన్, దాన్ని థైరోగ్లోబ్యులిన్ అనే మరో ప్రోటీన్‌కు అతికించడానికి టీపీఓ అనే ఎంజైమ్, ఆ ఎంజైమ్‌కు కావలసిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను అందించడానికి మరొకటి కావాలి. వంటింట్లో బియ్యం, నీళ్లు అన్నీ ఉన్నా పొయ్యి వెలగకపోతే అన్నం ఉడకదు కదా! టీపీఓ జన్యువు చెడితే అంతే. ఈ రకంలో తరచుగా కనిపించే లోపాల్లో ఇదొకటి. ఈ రకంలోదే మరో లోపం వల్ల థైరాయిడ్ ఉబ్బి గొంతువాపుతో పాటు చెవుడు కూడా ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్ల గురించి ఇంగ్లండులో వాన్ పెండ్రెడ్ అనే వైద్యుడు 1896లో రాశారు. దానికి కారణమైన జన్యువు 1997లో గానీ దొరకలేదు.

ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఈ రెండో రకంలో చాలావరకు ఒక ప్రతి చెడినా ఇబ్బంది ఉండదు. అలాంటి ఇద్దరికి బిడ్డ కలిగితే, రెండూ చెడినవే వచ్చే అవకాశం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు. మేనరికంలో ఒకే తాత నుంచి వచ్చిన చెడిన ప్రతి భార్యాభర్తలిద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. పెళ్లి మాటలప్పుడు పెద్దలు కట్నకానుకలు మాట్లాడుకుంటారు గానీ దీన్ని తలచుకోరు.

గర్భంలో తల్లి హార్మోన్ కొంత అందుతుంది కనుక పుట్టినప్పుడు బిడ్డ బాగానే కనిపిస్తుంది. తర్వాత పసిరికలు తగ్గకపోవడం, మలబద్ధకం, బొంగురు ఏడుపు మొదలవుతాయి. అవి బయటపడేదాకా ఆగితే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అందుకే పుట్టిన రెండు మూడు రోజులకు మడమ మీద చిన్నగా పొడిచి, ఒక కాగితంపై గుండ్రని గడిలో రక్తపు చుక్క నింపుతారు. దాన్ని పరీక్షిస్తే ఈ లోపం ముందే తెలుస్తుంది. మన దగ్గర అన్ని ఆసుపత్రుల్లోనూ ఇది జరగడం లేదు. మీ అక్కకో వదినకో కాన్పయితే "మడమ రక్తం తీశారా?" అని అడగండి.

లోపం తేలితే మొదటి రెండు వారాల్లోపే ఆ హార్మోన్ లోటు తీర్చే లెవోథైరాక్సిన్ మాత్రను నలిపి, చెంచాడు తల్లిపాలలో కలిపి పట్టాలి. ఐరన్ చుక్కలు అదే సమయంలో వేయకూడదు. మూడేళ్లు నిండాక వైద్యుడు మళ్లీ పరీక్షించి చూస్తారు. కొందరికి మాత్ర ఆపేయవచ్చు. టీపీఓ రెండు ప్రతులూ పూర్తిగా చెడినవారు జీవితాంతం వేసుకోవాలి. వేళకు వేసుకుంటే వాళ్లూ మీలాగే ఆడతారు, చదువుతారు.

మీ
అమ్మమ్మ