మూసీ వరద నుంచి నాలాల దాకా: మారిపోయిన వాన లెక్క

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారన్న సంగతి చాలామందికి తెలుసు. ఆ వరద వెనకున్న లెక్క మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్‌లో క్లైమటాలజీ (వాతావరణ తీరుల శాస్త్రం), హైడ్రాలజీ (నీటి శాస్త్రం) ఎందుకు చదవాలని అడిగే పిల్లలకు ముందుగా చెప్పాల్సింది అదే.

మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నది ఒడ్డు దగ్గర ఆగిపోలేదు, పైకి వెళ్లి పరీవాహక ప్రాంతమంతా లెక్క తీశారు. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన పడింది. నగరానికి ఎగువన ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయి. ఒక చెరువు కట్ట తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. గొలుసుకట్టు చెరువులు మామూలు రోజుల్లో ఎంత మేలు చేస్తాయో, అలాంటి రాత్రి అంత ముప్పు తెస్తాయి. ఉధృతి 4,25,000 క్యూసెక్కులకు చేరిందని తేలింది. అప్పట్లో ఇక్కడ వాన వివరాలు పెద్దగా లేవు. దాంతో ఆయన పొరుగు ప్రాంతాల, ఇతర దేశాల రికార్డులు తెప్పించి, ఇంకెంత పెద్ద వాన రావచ్చో అంచనా వేశారు. కురిసిన వానతో పాటు కురవగల వానకూ డిజైన్ చేయడమే అప్లైడ్ క్లైమటాలజీ అసలు పని.

ఆ అధ్యయనం ఫలితమే నగరానికి ఎగువన రెండు జలాశయాలు: మూసీ మీద 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్. వరదను ఆపడానికి కట్టినవే ఊరికి మంచినీళ్లూ ఇచ్చాయి.

ఇంజనీరింగ్ పుస్తకాల్లోకి హైదరాబాద్ రాజ్యం మరో దారిలోనూ ఎక్కింది. గరిష్ఠ వరదను అంచనా వేయడానికి ఉత్తర భారతానికి డికెన్స్ సూత్రం, మద్రాసు వైపు రైవ్స్ సూత్రం వాడితే, దక్కన్‌కు నవాబ్ అలీ నవాజ్ జంగ్ సూత్రం ఉండేది. నిజాంసాగర్ కట్టించిన ఇంజనీర్ ఆయనే. తెలంగాణ ఇంజనీర్స్ డే ఆయన పుట్టినరోజే, జూలై 11. ఈ సూత్రాలు ఏ నేల మీద, ఏ వానల్లో పుట్టాయో ఆ నేలకే సరిపోతాయి. క్లాసులో మాత్రం ఆ చరిత్ర తీసేసి, రెండు మార్కుల ప్రశ్నగా మిగిల్చాం.

తర్వాతి మలుపు 2000 ఆగస్టులో వచ్చింది. ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వానకు హైదరాబాద్ మునిగింది. 2020 అక్టోబర్‌లో ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. 1908లో శంషాబాద్‌లో ఒక్క రోజులో పడ్డదీ దాదాపు అంతే. అయితే ఘట్‌కేసర్ ఉన్నది నగరానికి తూర్పున, దిగువన. పడమట ఉన్న జంట జలాశయాలు పైనుంచి వచ్చే నీళ్లను పట్టుకోగలవు గానీ ఊరి నెత్తిన పడ్డ వానను కాదు. ఆ నీళ్లు నాలాల్లో (వాన నీటి కాలువల్లో) పోవాలి, లేదంటే ఇళ్లలోకి రావాలి. 2020లోనూ కట్టలు తెగాయి. ఈసారి తెగిన పల్లె చెరువు, గుర్రం చెరువు కాలనీల మధ్యనే ఉన్నాయి.

నది వరద ఒక లెక్క, నగర వరద ఇంకో లెక్క. రెండోదానికి వాడేది రేషనల్ పద్ధతి. ఐర్లండ్ ఇంజనీర్ ముల్వనీ 1851లోనే దాని మూలసూత్రం చెప్పారు. విస్తీర్ణం, వాన తీవ్రత, కురిసిన నీటిలో పారే భాగం: ఈ మూడింటినీ గుణించడమే. సూత్రం మారలేదు, అందులో వేసే అంకెలు మారాయి. పచ్చిక నేల వాన నీళ్లను చాలావరకు పీల్చుకుంటుంది, కాంక్రీటు దాదాపు మొత్తం వదిలేస్తుంది. అందుకే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010 మార్గదర్శకాలు కొత్త డ్రెయిన్లకు పారే భాగాన్ని 0.95 దాకా తీసుకోవాలన్నాయి. అంటే నగరం నేలకు ఇంకే గుణం పోయినట్టేనని అధికారికంగా ఒప్పుకున్నారన్నమాట. ప్రతి 4 చదరపు కిలోమీటర్లకూ ఒక ఆటోమేటిక్ వర్షమాపకం ఉండాలని కూడా అవే చెప్పాయి. రోజువారీ మొత్తం చాలదు, పావుగంటలో ఎంత పడిందన్నదే డ్రెయిన్ సైజును తేలుస్తుంది.

ఇక జంట జలాశయాల సంగతి. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలు, భారీ నిర్మాణాలు రాకుండా 1996లో 111 జీవో తెచ్చారు. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. భూమి ధర పెరగలేదని అక్కడి రైతుల బాధ, అది న్యాయమైనదే. 2022లో ఆంక్షలు సడలించారు, 2023లో జీవో ఎత్తేయాలని అప్పటి మంత్రివర్గం నిర్ణయించింది. జలాశయాల నీళ్లు ఇప్పుడు నగరానికి అంతగా అక్కర్లేదన్నది ప్రభుత్వం వినిపించిన ప్రధాన వాదన. అయితే అవి మంచినీళ్ల కంటే ముందు వరద కోసం కట్టినవి. ఎగువన కాంక్రీటు పెరిగితే అదే వానకు నీళ్లు ఎక్కువగా, త్వరగా వచ్చిపడతాయి. 1909లో వేసిన లెక్కలో పొలాలు, చెరువులే తప్ప ఆ కాంక్రీటు లేదు.