ఆఫ్‌సెట్ ఫీడర్ ఎందుకు ఆగుతుంది: మెషిన్ హాలులో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

షీట్‌ఫెడ్ ఆఫ్‌సెట్ యంత్రంలో, అంటే విడి షీట్ల మీద అచ్చు వేసే ముద్రణ యంత్రంలో, కాగితం అందించే ఫీడర్ చేసే పని చెప్పడానికి చిన్నదే. పైల్ (కాగితాల దొంతర) మీది పై షీటును ఒక్కదాన్నే విడదీసి, ఎత్తి, ఫీడ్ బోర్డు మీదికి పంపి, ఫ్రంట్ లేల (ముందు అంచును ఆపే ఆనికల) దగ్గర నిలబెట్టి, సైడ్ లేతో పక్కకు సర్ది, షీటును పట్టి లోపలికి లాక్కెళ్లే గ్రిప్పర్లకు అప్పగించాలి. గంటకు 10,000 షీట్ల వేగంలో ఒక్కో షీటుకు దక్కే సమయం 0.36 సెకను మాత్రమే. ఈ వరుసలో తప్పు ఎక్కడ జరిగినా అది తరచుగా ఆ తరువాతి దశలోనే బయటపడుతుంది కాబట్టి, యంత్రం ఆగిన చోటనే స్క్రూలు తిప్పే అలవాటు మన ప్రెస్సుల్లో బలంగా నాటుకుపోయింది. ఈ వ్యాసంలోని అపోహలన్నీ దాదాపు ఆ అలవాటు నుంచి పుట్టినవే.

అపోహ: షీటు లేవకపోతే గాలి పెంచాలి, డబుల్ (రెండు షీట్లు ఒకేసారి) వస్తే గాలి తగ్గించాలి.

ఫీడర్‌లో గాలి ఒకటి కాదు, రెండు. పైల్ వెనుక అంచున ఊది షీట్లను విడదీసేది బ్లాస్ట్, షీటును సక్కర్లనే పీల్చే మూతులతో పట్టి ఎత్తేది సక్షన్. ఈ రెంటినీ కలిపి ‘గాలి’ అని పిలవడం వల్ల ఒకదాని లోపానికి రెండోదాన్ని సర్దడం జరుగుతుంది. బ్లాస్ట్ సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి యంత్రాన్ని నెమ్మదిగా నడిపిస్తూ పైల్ వెనుక అంచును పక్కనుంచి చూడాలి. పై నుంచి ఎనిమిది పది షీట్లు మాత్రమే విడివిడిగా తేలుతూ, వాటి కింద ఉన్న పైల్ కదలకుండా ఉంటే ఆ బ్లాస్ట్ సరిపోయినట్టే. అంగుళం మందాన కాగితం ఎగిరిపడుతుంటే విడదీయడం ఆగిపోయి, షీట్లన్నీ గుంపుగా సక్కర్ల దగ్గరికి వచ్చేస్తాయి. అప్పుడు వచ్చే డబుల్ షీటుకు కారణం సక్షన్ కాదు.

సక్షన్ విషయంలో కాగితం స్వభావం తెలియాలి. 60 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మ్యాప్‌లితో వంటి పలుచని, కోటింగ్ లేని కాగితంలో గాలి దారి చేసుకుంటుంది కనుక, సక్షన్ మితిమీరితే పై షీటు గుండా వెళ్లి కింది షీటును కూడా పట్టుకుంటుంది. అలాంటి కాగితానికి పెద్ద రబ్బరు రింగులు తీసేసి, సక్షన్ తగ్గించడమే మందు. 300 జీఎస్‌ఎం ఆర్ట్ బోర్డు బరువుకు అవే పెద్ద రింగులు అవసరమవుతాయి. వెనుక అంచు మీద ఆనే బ్రష్షులు, స్టీలు పత్తీలు కూడా ఇదే లెక్కలో మారాలి. పలుచని కాగితానికి మెత్తగా, బోర్డుకు గట్టిగా ఉంటేనే రెండో షీటు కిందికి రాలిపోతుంది. ఇవేవీ ముట్టుకోకుండా పంపు నాబ్ ఒక్కటే తిప్పే మెషిన్‌మెన్ జాబ్ మారిన ప్రతిసారీ మొదటి రీమ్‌ను వేస్టేజ్ కిందే రాసుకోవాల్సి వస్తుంది.

పైల్ ఎత్తు కూడా ఇక్కడే చూడవలసిన సంగతి. ప్రెషర్ ఫుట్ రెండో షీటును తొక్కిపట్టి, దాని మీదుగా గాలి ఊది, అదే సమయంలో పైల్ ఎత్తును కూడా కనిపెడుతుంది. ఎత్తు కొన్ని మిల్లీమీటర్లు తగ్గితే సక్కర్లు షీటును అందుకోలేవు, పెరిగితే షీటుకు విడిపోవడానికి చోటుండదు. గాలి నాబ్ మీద చేయి వేసే ముందు ఎత్తు చూడటం క్షణాల్లో పూర్తయ్యే పని.

అపోహ: రీములను ముందురోజు రాత్రే విప్పి పెడితే కాగితం గదికి అలవాటు పడుతుంది.

ఆఫ్‌సెట్ కాగితంలో బరువులో సుమారు 5 శాతం తేమ ఉంటుంది. హాలులో సాపేక్ష తేమ 50 శాతం దరిదాపుల్లో, ఉష్ణోగ్రత 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే ఆ కాగితం ఇచ్చిపుచ్చుకోవడాలు లేకుండా స్థిమితంగా ఉంటుంది. రేపరు విప్పిన పైల్‌లో గాలి తగిలేది నాలుగు అంచులకే. మధ్యభాగానికి తేమ చేరడానికి గానీ, అక్కడి నుంచి పోవడానికి గానీ చాలా సమయం పడుతుంది. గది కంటే కాగితం పొడిగా ఉంటే అంచులు మాత్రమే తేమ పీల్చి సాగి అలలు తేలుతాయి. వానాకాలంలో విజయవాడ, కాకినాడ వైపు ప్రెస్సుల్లో తెల్లారి కనిపించేది ఈ అలలే. దీనికి విరుద్ధమైనది ఇంకొకటి ఉంది. ఏసీ లేని గోదాములో చెమ్మ పట్టిన కాగితాన్ని ఏసీ హాలులోకి తెచ్చి విప్పితే అంచులు తేమ కోల్పోయి బిగుసుకుంటాయి, షీటు మధ్యలో ఉబ్బి మూలలు పైకి లేస్తాయి. అలల అంచు దగ్గర సక్కరు షీటును తాకనే తాకదు, లేచిన మూల ఫ్రంట్ లే దగ్గర మడతపడుతుంది. మెషిన్‌మెన్ మాత్రం సక్కరునో, ఫ్రంట్ లేనో అనుమానిస్తాడు.

కాగితాన్ని గదికి అలవాటు చేయాలన్న ఆలోచన సరైనదే, విప్పి పెట్టడమే తప్పు. రేపరు, పాలిథీన్ అలాగే ఉంచి, ముందుగా కాగితం ఉష్ణోగ్రతను హాలు ఉష్ణోగ్రతకు రానివ్వాలి. పెద్ద పాలెట్‌కు, అందులోనూ తేడా ఎక్కువగా ఉన్నప్పుడు, దీనికి ఒక రోజు పైనే పట్టవచ్చు. విప్పాక మిగిలిన కాగితాన్ని, ఒక వైపు అచ్చయి రెండో వైపుకు ఎదురుచూస్తున్న పైల్‌ను కూడా, పాలిథీన్ కవరుతో నిండుగా కప్పి ఉంచాలి. క్యాలెండర్ల సీజన్‌లో ఈ రెండో జాగ్రత్తను ఎవరూ పాటించరు, రిజిస్ట్రేషన్ అవుటయిందని (అచ్చు సరైన చోట పడలేదని) ప్లేటు మళ్లీ కట్టించుకునేది కూడా ఆ రోజుల్లోనే. కాగితం తేమ పీల్చినప్పుడు గ్రెయిన్ (కాగితపు పోగులు పరుచుకున్న) దిశలో కంటే దానికి అడ్డదిశలో కొన్ని రెట్లు ఎక్కువగా పెరుగుతుంది కనుక, రెండో పాస్‌కు షీటు కొలతే మారిపోయి ఉండవచ్చు. ఏ ప్లేటూ దాన్ని సరిదిద్దలేదు.

అప్పటికే వంగిపోయిన కాగితంతోనే పని ముగించక తప్పనప్పుడు, పైల్ లోపల తగిన చోట చెక్క చీలికలు పెట్టి పై మట్టాన్ని సమం చేయడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనిచేస్తుంది.

అపోహ: షీట్లు అంటుకుంటున్నాయంటే స్టాటిక్ (కాగితం మీద పేరుకున్న స్థిర విద్యుత్తు). నేల మీద నీళ్లు చల్లి, ఎర్త్ ఇస్తే పోతుంది.

అంటుకున్న ప్రతి షీటులోనూ స్టాటిక్ ఉండదు. తేమ 40 శాతం కంటే కిందికి పడిపోయిన వేసవి మధ్యాహ్నాల్లో, హైదరాబాద్ వంటి మెట్ట ప్రాంతాల్లో, స్టాటిక్ నిజంగానే బాధిస్తుంది. అయితే పొడి కాగితం విద్యుత్తును ప్రసరింపజేయదు కాబట్టి, యంత్రం బాడీకి ఎంత మంచి ఎర్త్ ఇచ్చినా షీటు మీది ఆవేశం అక్కడే ఉంటుంది. ఎర్త్ మనుషుల భద్రతకు తప్పనిసరి, దాని పని అది. కాగితం మీది ఆవేశాన్ని తీసేది గాలిని అయనీకరించే యాంటీస్టాటిక్ బార్ లేదా బ్లోయర్, వాటి సూదుల మీద దుమ్ము లేనంతవరకు. నేల తడపడం, తడి గోనెలు వేలాడదీయడం వల్ల తేమ పెరిగే మాట నిజమే గానీ, ఆ గోనెకు దగ్గరగా ఉన్న పైల్ అంచుకే ఎక్కువ తేమ అంది మళ్లీ అలలు మొదలవుతాయి. తేమ పెంచడానికి హ్యూమిడిఫైయర్, పెరిగిందో లేదో చూడటానికి గోడ మీద ఒక హైగ్రోమీటర్ ఉండాలి. కోట్ల రూపాయల యంత్రం ఉన్న హాలులో కూడా ఆ రెండోది కనిపించకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

అంటుకోవడానికి స్టాటిక్ కంటే మామూలు కారణం కటింగ్. మొద్దుబారిన బ్లేడుతో కోసినప్పుడు అంచులు నలిగి, నూగు లేచి, ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. తడి చేతితో విస్తరాకుల కట్టలోంచి ఒక్కటి తీయబోతే రెండు వచ్చినట్టు, అలాంటి పైల్ మీద సక్కర్లు రెండేసి షీట్లు లేపుతాయి. తేడా కనిపెట్టడం సులువు. రెండు షీట్లు మధ్యభాగంలో కూడా అతుక్కుని, విడదీస్తే చిటపటమంటే అది స్టాటిక్. అంచు దగ్గర మాత్రమే పట్టుకుని, వేలితో ఆ అంచును రాసినప్పుడు గరుకు తగిలితే అది బ్లేడు తప్పు. కటింగ్ మిషన్ వేరొకరి చేతిలో ఉన్నందువల్ల ఈ నేరం ఫీడర్ మీద పడుతుంది. బ్లేడు సానబెట్టించే వరకు, పైల్ ఎక్కించే ముందు కాగితాన్ని కొద్దికొద్దిగా చేత పట్టి, అంచులు వంచి గాలి ఆడించడం తప్ప వేరే దారి లేదు.

అపోహ: వేగం తగ్గిస్తే ఫీడింగ్ కుదురుతుంది.

ఇది సగం నిజం. హైడెల్‌బర్గ్ జీటీఓ 52 వంటి చిన్న యంత్రాల్లో షీట్లు ఒకదాని వెనుక ఒకటిగా వెళ్తాయి, వాటి గరిష్ఠ వేగం కూడా గంటకు 8,000. పెద్ద యంత్రాల్లో స్ట్రీమ్ ఫీడర్ ఉంటుంది, అందులో షీట్లు పాకల మీది తాటాకుల వరుసగా ఒకదానిపై ఒకటి పరుచుకుని కదులుతాయి. 20×30 అంగుళాల షీటును తీసుకుందాం. అది 20 అంగుళాల దిశలో, అంటే 508 మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది. గంటకు 10,000 వేగంలో ఒంటరిగా వెళ్లాలంటే సెకనుకు సుమారు 1.4 మీటర్ల వేగంతో వచ్చి లేలను ఢీకొట్టాలి. మూడు షీట్లు పరుచుకుని వెళ్తే ప్రతి షీటూ ఒక్కో చుట్టుకు తన పొడవులో మూడోవంతే కదులుతుంది కాబట్టి, వేగం అర మీటరు కంటే తక్కువకు దిగుతుంది. స్ట్రీమ్ ఫీడర్ అంత వేగంలోనూ నెమ్మదిగా షీటును నిలబెట్టగలగడానికి కారణం ఇదే.

షీటు లేల దగ్గర కొట్టుకుని వెనక్కి తుళ్లుతుంటే వేగం తగ్గించడం ఉపశమనమే. కానీ అసలు పని బోర్డు మీది చక్రాలది. షీటు లేల దగ్గర నిలిచిన క్షణంలో రబ్బరు చక్రాలు దాని వెనుక అంచును దాటి ఉండాలి, బ్రష్ చక్రాలు ఆ అంచు మీద మెత్తగా ఆనాలి. షీటు వంకరగా వస్తుంటే వేగంతో సంబంధం లేదు. పైల్ నుంచి షీటును అందుకునే రెండు డ్రాప్ రోలర్లు ఒకే క్షణంలో, ఒకే ఒత్తిడితో దిగుతున్నాయో లేదో చూడాలి. రెంటి కిందా కాగితం ముక్కలు పెట్టి లాగితే, చేతికి తగిలే పట్టు రెండు వైపులా సమానంగా ఉండాలి. షీటును బోర్డు మీద మోసుకెళ్లే టేపులను వేలితో ఎత్తి చూసినప్పుడు కూడా అన్నింటి బిగువూ ఒకేలా ఉండాలి. ఒక్క టేపు వదులైనా షీటు ఆ వైపు వెనుకబడుతుంది.

ఇక కొన్ని యంత్రాల్లో గాలి అమరిక వేగంతో పాటు మారదు. 9,000 వద్ద సర్దిన బ్లాస్ట్‌ను 4,000 వద్ద అలాగే వదిలితే షీటు ఎక్కువసేపు గాలిలో తేలి పక్కకు జారుతుంది. వేగం తగ్గించాక కొత్త తంటా మొదలైందని విస్తుపోయేది ఇక్కడే.

అపోహ: డబుల్ షీట్ డిటెక్టర్ ఊరికే యంత్రాన్ని ఆపుతుంది, తీసేస్తే ప్రొడక్షన్ పెరుగుతుంది.

ప్లేటు మీది అచ్చును కాగితానికి చేర్చే రబ్బరు పొర, అంటే ఆఫ్‌సెట్ బ్లాంకెట్, మందం సాధారణంగా 1.95 మిల్లీమీటర్లు. అచ్చుకు కావలసిన అదుముడు 0.1 మిల్లీమీటరు పరిధిలోనిది. 300 జీఎస్‌ఎం బోర్డు ఒక్క షీటు అదనంగా వెళ్తే సుమారు 0.3 మిల్లీమీటర్ల మందం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. బ్లాంకెట్ అక్కడ నలిగితే ఆ చోట అచ్చు పలచబడుతుంది, కొత్త బ్లాంకెట్ కట్టే దాకా అది మళ్లీ మామూలుకు రాదు.

డిటెక్టర్ ఊరికే ఆపుతుందంటే దాని సందు తప్పు మందానికి సర్ది ఉందన్నమాట. స్ట్రీమ్ ఫీడర్‌లో మెకానికల్ డిటెక్టర్ కింద ఎల్లప్పుడూ రెండో మూడో పొరలు ఉంటాయి. మూడు పొరలు వెళ్లే చోట మూడింటిని వదిలి నాలుగోదాన్ని ఆపాలి. జాబ్ కాగితంలోంచే ఒక పేలిక చింపి, నడుస్తున్న షీట్ల మీదుగా డిటెక్టర్ కిందికి పంపితే యంత్రం ఆగాలి, పేలిక లేనప్పుడు నడవాలి. కాగితం జీఎస్‌ఎం మారిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయాలి.

అపోహ: పంపుకు ఆయిల్, రబ్బర్లకు పెట్రోల్.

ఆయిల్ లేకుండా నడిచే పంపుల్లో గాలిని తోసేవి కార్బన్ పత్తీలు. వాటికి ఆయిల్ పోస్తే కార్బన్ పొడితో కలిసి ముద్దయి, పత్తీలు తమ గాడుల్లోనే ఇరుక్కుంటాయి. వాటికి కావలసింది శుభ్రమైన ఫిల్టరు, అరిగినప్పుడు కొత్త సెట్టు. రెండో వైపు అచ్చు వేసేటప్పుడు మొదటి వైపు మీది స్ప్రే పౌడర్ (తడి అచ్చు అంటుకోకుండా చల్లే పొడి) సక్షన్ గొట్టాల్లోకి వెళ్లి ఫిల్టరును పూడుస్తుంది కాబట్టి, ఆ జాబ్‌ల తరువాత ఫిల్టరు విప్పి చూడటం అలవాటు కావాలి. సక్కరు రబ్బరును పెట్రోల్‌తో, థిన్నర్‌తో తుడిస్తే అది ఉబ్బి గట్టిపడుతుంది. ఆఫీసు ప్రింటర్లు, జిరాక్స్ యంత్రాల రోలర్లకూ ఇదే వర్తిస్తుంది, తడిపి పిండిన మెత్తటి గుడ్డ చాలు.

అపోహ: సెకండ్ హ్యాండ్ యంత్రంలో ఫీడర్ ఇక ఇంతే.

1914లో లైప్‌జిగ్ ప్రదర్శనలో తొలిసారి కనిపించిన హైడెల్‌బర్గ్ ప్లాటెన్ (కాగితాన్ని పలకల మధ్య అదిమి అచ్చు వేసే యంత్రం) తరహా యంత్రాలు నేటికీ మన ఊళ్లలో నంబరింగ్, క్రీజింగ్ చేస్తూ ఉన్నాయి, సక్కర్లతోనే కాగితం ఎత్తుకుంటున్నాయి. ఫీడర్‌లో కామ్‌ల కంటే ఎంతో ముందే అరిగేవి రబ్బర్లు, టేపులు, బ్రష్షులు, గొట్టాలు. ఇవన్నీ తక్కువ ధరలో దొరికే సరుకే. చిట్లిన గొట్టాన్ని టేపు చుట్టి నడిపిస్తూ ‘యంత్రం ముసలిదయింది’ అనడం న్యాయం కాదు.

అపోహ: షీటు ఆగకుండా వెళ్తోందంటే ఫీడింగ్ బాగున్నట్టే.

గ్రిప్పర్లు పట్టుకున్న ప్రతి షీటూ సరైన చోట ఉందని అర్థం కాదు. సైడ్ లే షీటును కొన్ని మిల్లీమీటర్లు లాగి సర్దాలి. షీటు ముందే దానికి తగిలి వస్తే లాగడానికి ఏమీ మిగలదు, మరీ దూరంగా వస్తే లే అందుకోలేదు. ఇది డిటెక్టర్‌కు తెలియదు, కంటికీ ఆనదు. అందుకే ప్లేటులోనే సైడ్ లే మార్కు వేసి, షీటు అంచు దాటేలా అచ్చు వేయిస్తారు. డెలివరీ పైల్‌ను పక్కనుంచి చూస్తే ఆ మార్కులన్నీ కలిసి నిలువు గీతలా కనిపించాలి. గీత అక్కడక్కడ తెగినా, చెదిరినా ఆ షీట్లు సరైన చోటికి రాలేదని గుర్తించి, ఫీడర్‌లోని పైల్ పక్కకు జరుగుతోందో, సైడ్ లే స్ప్రింగ్ ఒత్తిడి ఆ కాగితానికి చాలడం లేదో చూడాలి. పలుచని కాగితం అంచు లే దగ్గర వంకీ తిరిగి ఉంటే ఒత్తిడి ఎక్కువైనట్టు.