ఛాత్రోపాధ్యాయుల ఆన్‌లైన్ చర్చలు: అపోహలు – వాస్తవాలు

అభ్యసనంపై సాంకేతికత ప్రభావం గురించి ఛాత్రోపాధ్యాయుల చేత, అంటే బి.ఎడ్. విద్యార్థుల చేత, ఆన్‌లైన్‌లో చర్చ చేయించడం ఇప్పుడు మామూలైపోయింది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లోని కోర్సుల్లో కూడా వీడియో పాఠం, పఠన సామగ్రి, స్వీయ మూల్యాంకనంతో పాటు చర్చా వేదిక నాలుగో భాగంగా ఉంటుంది. అయినా ఇలాంటి చర్చలు తరచూ చప్పగా ముగుస్తాయి. ఆ లోపం విద్యార్థులది కాదని, మనం వారి ముందుంచే ప్రశ్నదేనని ఛాత్రోపాధ్యాయులకు బోధించే వ్యక్తిగా నా దృఢాభిప్రాయం.

అపోహ: అంశం ఆసక్తికరమైనదైతే చర్చ దానంతటదే సాగుతుంది.

వాస్తవం: “టెక్నాలజీ వరమా, శాపమా?” అని అడిగితే తరగతి అంతా బడిలో రాసిన వ్యాసాన్నే మళ్లీ రాస్తుంది. కొన్ని లాభాలు, కొన్ని నష్టాలు, చివర “మితంగా వాడితే మంచిదే” అన్న తీర్పు వచ్చేశాక, విభేదించడానికి ఎవరికీ ఏమీ మిగలదు. దానికి బదులు, గుండె నిర్మాణాన్ని యానిమేషన్‌లో చూపినప్పుడు పిల్లలకు ఏం అర్థమైంది, మేక గుండెను కోసి చూపినప్పుడు ఏం అర్థమైంది అని అడిగి చూడండి. కవాటాలు తెరుచుకుని మూసుకునే క్రమం వీడియోలోనే తెలిసిందని ఒకరు రాస్తే, ఎడమ జఠరిక గోడ ఎంత మందమో వేలితో తాకితేనే పిల్లలకు తెలిసిందని మరొకరు రాస్తారు. వాదానికి ఆధారం దొరికేది అక్కడే.

ఆ తర్వాతే సిద్ధాంతాన్ని ముందుకు తేవాలి. సరుకులు తెచ్చిన లారీ వల్ల మన పోషణ మారనట్లే, పాఠాన్ని చేరవేసే మాధ్యమం వల్ల అభ్యసన ఫలితం మారదని విద్యా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ 1983లో వాదించాడు. ఒక్కో మాధ్యమానికి ఉన్న ప్రత్యేక సామర్థ్యాన్ని బోధనలో సరిగా వినియోగించుకుంటే నేర్చుకునే తీరే మారుతుందని మరో పరిశోధకుడు రాబర్ట్ కోజ్మా 1990లలో బదులిచ్చాడు. తరగతిలో సగం మందికి క్లార్క్ పక్షాన్ని, మిగిలిన సగానికి కోజ్మా పక్షాన్ని అప్పగించి, గుండె పాఠం ఆధారంగానే వాదించమంటే, మొహమాటపడేవారు కూడా ధైర్యంగా ఎదురు ప్రశ్న వేస్తారు.

అపోహ: ఎన్ని ఎక్కువ జవాబులు వస్తే చర్చ అంత బాగా జరిగినట్టు.

వాస్తవం: “ఒక పోస్టు, రెండు జవాబులు తప్పనిసరి” అనే నిబంధన వల్ల గడువు ముగిసే రాత్రి “చాలా బాగా చెప్పారు మేడమ్” అనే వాక్యాలు వరుస కడతాయి. ఆన్‌లైన్ అభ్యసనంపై పరిశోధించిన గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ 2000 ప్రాంతంలో ప్రతిపాదించిన నమూనాలో ఆలోచన నాలుగు దశల్లో సాగుతుంది: సమస్య ఎదురవడం, అన్వేషణ, సమన్వయం, పరిష్కారం. చాలా చర్చలు రెండో దశ దాటవు. అందువల్ల ప్రతి జవాబూ ఆధారం అడగాలి, లేదా వ్యతిరేక ఉదాహరణ చూపాలి, లేదా రెండు అభిప్రాయాలను కలిపి కొత్త మాట చెప్పాలి అనే షరతు పెట్టడం మేలు. మొదటి పోస్టుకు వారం మధ్యలోనే గడువు పెట్టాలి. లేకపోతే బదులివ్వడానికి సమయమే ఉండదు.

అపోహ: ఉదాహరణలు కొత్తవే కావాలి.

వాస్తవం: 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు సాగిన ‘సైట్’ (శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్) ప్రయోగం ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలను అందించింది, ఉదయం ప్రసారాలు బడిపిల్లల కోసమే. నేటి ట్యాబ్ పాఠాలను దాని పక్కన పెట్టి చూస్తే, ప్రసారం ముగిశాక పిల్లలతో మాట్లాడేదెవరు అన్న ప్రశ్నను విద్యార్థులే లేవనెత్తుతారు.

అపోహ: ఇంగ్లీషులో రాస్తేనే ప్రమాణాలు నిలుస్తాయి.

వాస్తవం: తెలుగులో ఆలోచించేవారిని తెలుగులోనే రాయనివ్వండి. టైపింగ్ కష్టమైతే ఫోన్‌లో మాట్లాడి రాయించుకోవచ్చు.

అపోహ: అధ్యాపకుడు ప్రతి పోస్టుకూ బదులివ్వాలి.

వాస్తవం: అలా చేస్తే విద్యార్థులు ఒకరితో ఒకరు కాక మనతోనే మాట్లాడతారు. వారం మధ్యలో ఒక్క పోస్టు రాసి, ఢీకొంటున్న రెండు వాదాలను ఎత్తి చూపి, ఇంకా తేలని ప్రశ్నను వారికే తిరిగి అప్పగిస్తే సరిపోతుంది.