పాపాయికి మాటలెవరు నేర్పుతారు?

చిన్నీ, బాబీ,

మొన్న ఫోన్లో చిన్ని అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. పొయ్యి మీద కుక్కరు కూస్తోంది, మీ తాతయ్య పక్కనుంచి కళ్ళజోడు ఏదంటున్నారు. "పాపకి ఎనిమిది నెలలొచ్చాయి కదా అమ్మమ్మా, మాటలు నేర్పడం ఎప్పుడు మొదలుపెట్టాలి?" అన్నావు. అదెప్పుడో మొదలైపోయిందే తల్లీ.

మీ అమ్మ కడుపులో ఉండగానే పాప ఆవిడ గొంతు వింది. మాటలు కాదు, పక్కింట్లో వాళ్ళు మాట్లాడుకుంటుంటే గోడ ఇవతలికి వినిపిస్తుందే, అలాంటి రాగం. 2009లో కొందరు పరిశోధకులు ఫ్రెంచి, జర్మన్ పసికందుల ఏడుపులు రికార్డు చేశారు. పుట్టి వారం కూడా కాని పిల్లలు. ఫ్రెంచి పిల్లల ఏడుపు ఎక్కువగా కిందనుంచి పైకి లేచిందట, జర్మన్ పిల్లలది పైనుంచి కిందికి దిగిందట. అచ్చం వాళ్ళ అమ్మల మాట తీరే!

ఇంకో సంగతి వినండి. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన వాళ్ళు 'తాతా' అని పిలవబోతే మనకి 'టాటా' అని వినిపిస్తుంది. వాళ్ళకి మన తకారం, టకారం రెండూ ఒకటే. పుట్టుకతో అలా కాదు. 1984లో కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు ఇంగ్లీషు ఇళ్ళలోని పిల్లలకి హిందీ త, ట వినిపించారు. శబ్దం మారినప్పుడు తల తిప్పితే పక్కన ఒక బొమ్మ వెలుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చాలామంది టక్కున తిరిగారు. పది, పన్నెండు నెలల వాళ్ళలో తిరిగినవాళ్ళు బహు కొద్దిమంది. తమ ఇంట్లో పనికిరాని తేడాని వాళ్ళ చెవి అప్పటికే వదిలేసింది. హిందీ ఇళ్ళ పిల్లలకి మాత్రం అది పోలేదు.

మన పాప ఇప్పుడు సరిగ్గా ఆ గట్టు మీదుంది. అందుకే మీ బడివాళ్ళు "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అని మీ అమ్మకి చెప్పారని విని నాకు ఒళ్ళు మండింది. రెండు భాషలు పక్కపక్కన వింటే రెండూ వస్తాయి. హైదరాబాదు గల్లీల్లో తెలుగూ ఉర్దూ కలిపి ఆడుకునే పిల్లల్ని మీరు రోజూ చూస్తూనే ఉన్నారుగా.

అలాగని ఫోన్లో తెలుగు పాటలు పెట్టేసి పక్కకి పోకండి. 2003లో అమెరికాలో ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకి చైనా భాష వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడించిన పిల్లలు ఆ శబ్దాల తేడా పట్టుకున్నారు. అవే మాటలు వీడియోలో చూసిన పిల్లలకి ఏమీ అంటలేదు. పసివాళ్ళకి మొహం కావాలి, మన చెయ్యి తగలాలి.

బాబీ, నీకు మూడేళ్ళప్పుడు మట్టిలో ఆడొచ్చి "అమ్మమ్మా, నా చెయ్యిలు కడుగు" అన్నావు. మన ఇంట్లో 'చేతులు' అంటాం, 'చెయ్యిలు' అనేవాళ్ళు ఎవరూ లేరు. మరి నీకెక్కడిది? బొమ్మలు, కుక్కలు, పిల్లులు విని, 'లు' తగిలిస్తే చాలామంది అవుతారని నీకు నువ్వే సూత్రం కట్టుకున్నావు. 'ఇల్లులు' కూడా అనేవాడివి. నేను దిద్దలేదు. తప్పులా వినిపించే తెలివి అది.

ఇలా వ్యాకరణం ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తుంది. మర్యాద మాత్రం ఇల్లు నేర్పాల్సిందే. పాపువా న్యూ గినీ అడవుల్లో కలూలీ అని ఒక జనం ఉన్నారు. 1970లలో బాంబీ షీఫెలిన్ అనే ఆవిడ వాళ్ళ మధ్య ఉండి చూసింది. వాళ్ళు పసివాళ్ళతో మనలా "బువ్వ తింటావా, జోజో పోతావా" అని ముద్దుమాటలాడరు. పిల్లని మొహం బయటికి పెట్టి పట్టుకుని, పిల్ల తరఫున అమ్మే ఎదుటివాళ్ళతో మాట్లాడుతుంది. పిల్ల నోట 'నో' అంటే అమ్మ, 'బో' అంటే రొమ్ము, ఈ రెండు మాటలూ వచ్చాకే అసలు పాఠం. ఎవరితో ఏమనాలో చెప్పి, చివర 'ఎలెమా' అంటారు. అంటే 'అలా అను' అని.

చదవగానే నాకు నవ్వొచ్చింది. మనమూ అంతేగా! "వెళ్తున్నా అనకూడదు, వెళ్ళొస్తా అను." "నువ్వు కాదు, మీరు అను." "అంకుల్ ఏంటి, పెదనాన్న అను." ఆ 'అను'తోనే ఎవరి ఒళ్ళో దూకొచ్చో, ఎవరి ముందు కాళ్ళు ముడుచుకోవాలో తెలిసిపోతుంది. మీ తెలంగాణ స్నేహితుడు నాన్నని 'బాపు' అంటాడని చెప్పారే, వాళ్ళింటి 'అను' అది.

ఒక్కోసారి ఇది బెడిసికొడుతుంది కూడా. మనం పిలిచినట్టే పిల్లలూ పిలుస్తారని, పెద్దవాళ్ళం మన మాట మానేసి పిల్లల మాటతో పిలుస్తాం. నా కూతుర్నే నేను "అమ్మ పిలుస్తోంది, పో" అంటాను మీతో. మీ అమ్మ పసితనంలో నాకు ఆ జాగ్రత్త లేకపోయింది. తాతయ్యని నేను రోజంతా "ఏవండీ" అని పిలిచేదాన్ని. రెండేళ్ళ పిల్ల, ఒకరోజు వీధరుగు మీద నలుగురి మధ్య కూర్చున్న ఆయన పంచె పట్టి లాగి, "ఏవండీ, అన్నానికి రండి" అంది. ఆ ఏడాదంతా అదే పిలుపు. ఎంత 'నాన్న అను' అన్నా వినలేదు.

ఆదివారం ఫోన్ చెయ్యండి. పాప 'త' అంటోందో 'ట' అంటోందో వినిపించండి.

మీ అమ్మమ్మ