ఎర్తు పీకేస్తే ట్రిప్పు ఆగింది కదా, ఇంకేంటి?

నేను ఎలక్ట్రీషియన్ని. ఏ ఇంట్లోనైనా కరెంటు బోర్డు జరిపిన వారం లోపు ఫోను రాకుండా ఉండదు. "ఏవండీ, పాత బోర్డు ఉన్నన్నాళ్లూ ఏ గొడవా లేదు. మీరు కొత్త డీబీ పెట్టిన కాణ్ణించి ఊరికే పడిపోతోంది." డీబీ అంటే ఇంటికంతా కరెంటు పంచే స్విచ్చుల పెట్టె. అందులో పడిపోయేది ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడే స్విచ్చి) కాదు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడే స్విచ్చి). అమలాపురం వైపు పని చేసినా, రాజోలు వైపు చేసినా ఇదే మాట. అక్కడితో ఆగితే బాధ లేదు. నేను వెళ్లేలోపు ఇంకొకర్ని పిలిచి 'బాగు' చేయించేస్తారు.

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక, అంటే 17.75 అడుగులు దాటిందా, లంకల్లో చాలా ఇళ్లలో వరండా బోర్డు దాకా నీళ్లొచ్చేశాయి. ఆ తర్వాత బోర్డు పైకి ఎత్తించుకున్నవాళ్లు బోలెడుమంది. అలాంటి ఒక ఇంట్లోనే పాత పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులన్నీ తీసేసి, మెట్ల గోడ మీద, వరద గుర్తుకి బాగా పైన కొత్త డీబీ బిగించాను. ఆర్‌సీసీబీ పెట్టాను, ప్రతి ప్లగ్గుకీ ఎర్తు వైరు లాగాను. పగలంతా బానే ఉంది. రాత్రి ఏసీ వేయగానే డబ్బుమని పడిపోయింది. ఏసీ కంపెనీని తిట్టారు, తర్వాత నన్ను తిట్టారు. మర్నాడు ఎవరో కుర్రాడొచ్చి డీబీలో ఎర్తు వైరు పీకి పక్కకి వంచేశాడు. ట్రిప్పు ఆగిపోయింది. సమస్య తీరిపోయిందన్నారు.

బాకీ డబ్బుల కోసం వెళ్తే ఆ ఇంటి మామ్మగారు మెల్లిగా అన్నారు: "తడి చేత్తో ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే జిల్లంటోంది బాబూ. వీళ్లకి చెబితే చాదస్తం అంటున్నారు."

మెయిన్ ఆపేసి న్యూట్రళ్లు ఒక్కొక్కటే విడదీసి మెగ్గర్ (వైర్లలో లీకు పట్టే మీటరు) పెట్టి చూశాను. దొరికింది. ఫ్రిజ్ ప్లగ్గు సాకెట్ లోపల, ఎర్తు పిన్నుకీ న్యూట్రల్‌కీ మధ్య రెండంగుళాల ఎర్ర వైరు ముక్క. ఎర్తు లేని పాత ఇంట్లో ఎవరో ఎప్పుడో న్యూట్రల్‌నే ఎర్తుగా వాడేసిన గుర్తు. అంటే ఏళ్ల తరబడి ఫ్రిజ్ బాడీ న్యూట్రల్‌కి అంటుకునే ఉంది. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే ఆ బాడీ మీదకి మొత్తం 230 వోల్టులూ వచ్చేస్తాయి. పాత ఫ్యూజులకి ఇది తెలిసే దారే లేదు. కొత్తగా ఎర్తు రావడంతో ఏసీ న్యూట్రల్‌లో పోవాల్సిన కరెంటు కొంత ఎర్తు వైపు మళ్లింది, ఆర్‌సీసీబీ పట్టుకుంది. లోడు తక్కువ ఉన్నప్పుడు ఊరుకుంది, ఏసీ వేస్తే పడిపోయింది. దాని పని అది చేసింది. మనం దాని నోరు నొక్కేశాం.

"ఎంసీబీలు ఉన్నాయి కదండీ, షాకు కొడితే పడిపోవూ?" ఇది ఇంకా పెద్ద అపోహ, దీనికే ప్రాణాలు పోయేది. పడవు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి గుండె ఆగడానికి అందులో కొన్ని పదులు చాలు. మనిషికి కరెంటు పట్టుకుంటే ఎంసీబీకి చిన్న బల్బు వెలిగినట్టే ఉంటుంది. అది కాపాడేది వైరుని, మనల్ని కాదు. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని లెక్క చూసేది ఆర్‌సీసీబీ ఒక్కటే. 2023 నాటి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో ఇళ్లకి చెప్పిన హద్దు 30 మిల్లీ ఆంపియర్లు. వంద, మూడొందలు రాసినవి అంటగడితే ఇంటికి తీసుకోకండి. అలాగని అదే దేవుడు కాదు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే దానికి తేడా కనపడదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బోర్డు జరిపాక పాత వైరు అందకపోతే మెలిపెట్టి టేపు చుట్టి గోడలో పూడ్చేయడం కుదరదు. జాయింటు ఎక్కడున్నా బాక్సులో ఉండాలి, మూత తీస్తే కనపడాలి. మీటరు, దాని సీలు మన సొత్తు కాదు. మీటరు కూడా జరపాలంటే కరెంటాఫీసులో దరఖాస్తు పెట్టుకోవాల్సిందే, వందో రెండొందలో ఇచ్చి సీలు కోయిస్తే కేసు మీ పేరు మీదే. బోర్డు జరపడం బల్బు మార్చడం లాంటిది కాదు కాబట్టి లైసెన్సున్న కాంట్రాక్టరు మనిషే చేయాలి.

వాస్తు సంగతి మాత్రం రోజూ ఎదురయ్యేదే. ఆగ్నేయంలోనే పెట్టాలంటారు, వంటిల్లూ అక్కడే కడతారు. పొయ్యి మీదా, సింకు పక్కనా డీబీ పెట్టడం ప్రమాదం. నేను వాదించను. ఆ గోడకే అవతలి వైపు, హాల్లోకి పెట్టేస్తాను. ఆగ్నేయమూ దక్కుతుంది, ఆవిరీ తగలదు.

మామ్మగారి ఇంట్లో ఆ ఎర్ర ముక్క తీసేసి, ఎర్తు మళ్లీ బిగించాను. ఏసీ వేసినా మళ్లీ పడలేదు. ఆర్‌సీసీబీకి టెస్ట్ బటన్ ఉంటుంది కదా, నెలకోసారి నొక్కి అది పడుతుందో లేదో చూసుకోమన్నాను. ఇప్పుడు ప్రతి ఒకటో తారీకునా నొక్కే డ్యూటీ ఆవిడదే. సీరియలు అయిపోయాకే నొక్కుతారట.