న్యూయార్క్: పేరు, హోదా మారుతూ వచ్చిన ఓ ఉక్రెయిన్ ఊరు

2024 వేసవిలో యుద్ధ వార్తల్లో న్యూయార్క్ పేరు చూసి కంగారుపడినవాళ్లు చాలామందే. అమెరికాది కాదు, ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్ ప్రాంతంలో ఉన్న ఊరు అది. యుద్ధానికి ముందు జనాభా సుమారు 10 వేలు.

ఆ పేరెలా వచ్చిందో తలోమాటా చెబుతారు గానీ, 19వ శతాబ్దం నుంచే వాడుకలో ఉంది. ఆ శతాబ్దం చివర్లో జర్మన్ మాట్లాడే మెన్నొనైట్ క్రైస్తవులు ఇక్కడ స్థిరపడ్డారు. సేద్యంతో ఆగలేదు. పిండి మిల్లు నడిపారు, వ్యవసాయ యంత్రాల ఫ్యాక్టరీ పెట్టారు. వాళ్ల ఇటుక కట్టడాలు కొన్ని మొన్నమొన్నటిదాకా నిలిచే ఉన్నాయి. ఆ మనుషుల్ని మాత్రం ఉండనివ్వలేదు: 1941లో సోవియట్ ప్రభుత్వం అక్కడి జర్మన్లను తూర్పుకు తరలించేసింది.

అంతకు మూడేళ్ల ముందే, 1938లో, ఊరికి ‘పట్టణ తరహా ఆవాసం’ హోదా దక్కింది. పల్లె కాదు, పట్టణమూ కాదు. జనం పొలాల్లో కాకుండా గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే ఊళ్ల కోసం సోవియట్లు పెట్టుకున్న వర్గం ఇది. 1951లో, అమెరికాతో వైరం ముదిరిన రోజుల్లో, ఊరి పేరును నొవ్‌హొరొద్‌స్కెగా మార్చారు. ఫినాల్ ఫ్యాక్టరీ, కార్మికుల ఇళ్లు... బతుకు అలాగే సాగింది.

2014 నుంచి యుద్ధరేఖ ఊరి పక్కకే వచ్చింది. అయినా స్థానికులు పాత పేరు కోసం పట్టుబట్టారు. 2021 జులై 1న ఉక్రెయిన్ పార్లమెంటు దాన్ని తిరిగి ఇచ్చింది. ఈ మొత్తం చరిత్రలో ఊరివాళ్లు అడిగి సాధించుకున్న మార్పు ఇదొక్కటే అనిపిస్తుంది నాకు.

మిగతావన్నీ పైనుంచి వచ్చినవే. 2020 సంస్కరణలో దేశంలోని 490 జిల్లాలను 136కు కుదించారు. అప్పటిదాకా తొరెత్స్క్ నగరపాలన కింద ఉన్న ఊరు, బఖ్‌ముత్ జిల్లాలోని తొరెత్స్క్ హ్రొమాడాలో చేరింది. హ్రొమాడా అంటే కొన్ని ఊళ్లు కలిసిన స్థానిక పాలనా విభాగం. 2024 జనవరి 26న కొత్త చట్టం అమల్లోకి రావడంతో ‘పట్టణ తరహా’ వర్గమే దేశమంతటా రద్దయింది. న్యూయార్క్ ఇక ఉత్త ‘ఆవాసం’.

సోవియట్ కాలపు హోదా పోయిన ఏడు నెలలకే ఊరు తన చేతికి చిక్కిందని రష్యా చెప్పుకుంది. ఆగస్టు 20న దాన్ని స్వాధీనం చేసుకున్నామని ప్రకటించిన రష్యా రక్షణ శాఖ, 1951 నాటి పేరునే వాడింది.