పదిహేను సెంటీమీటర్ల గట్టు

అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని 2025 మే 14న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ ఫుట్‌పాత్ వికలాంగులు కూడా వాడుకునేలా ఉండాలని, రాష్ట్రాలు మార్గదర్శకాలు రూపొందించాలని ఆదేశించింది. కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యుడు ఎస్.రాజశేఖరన్ రోడ్డు ప్రమాదాల మీద 2012లో వేసిన వ్యాజ్యంలో వచ్చిన ఆదేశమిది. వినడానికి కొత్త హక్కులా ఉంది. నిజానికి ఫుట్‌పాత్ అంచున వాలు కట్టాలని ఈ దేశంలో చట్టం వచ్చి అప్పటికే ముప్పై ఏళ్లు కావస్తోంది.

1995 నాటి ఆ వికలాంగుల చట్టం ఊరికే రాలేదు. 1995 డిసెంబరులో జావేద్ అబిదీ వంటి ఉద్యమకారులు పార్లమెంటు దగ్గర నిరసనకు దిగారు. అబిదీ స్వయంగా చక్రాల కుర్చీ వాడే మనిషి. ఆ నెలలోనే బిల్లు ఉభయ సభలూ దాటింది, 1996 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. అందులోని 45వ సెక్షన్ ఇప్పుడు చదివినా ముచ్చటగానే ఉంటుంది. చూపులేనివారి కోసం సిగ్నళ్ల దగ్గర శబ్దం రావాలి, చక్రాల కుర్చీ ఎక్కేలా పేవ్‌మెంట్ అంచును వాలుగా కోయాలి, జీబ్రా క్రాసింగ్ మీద కాలికి తెలిసే గీతలు చెక్కాలి, రైల్వే ప్లాట్‌ఫారం అంచున కూడా అలాంటి గుర్తులుండాలి. ఇంత చెప్పి, ఇవన్నీ ప్రభుత్వాల ‘ఆర్థిక స్తోమత, అభివృద్ధి పరిమితులకు లోబడి’ అని చేర్చారు. మన మున్సిపాలిటీల్లో స్తోమత ఉందని ఒప్పుకునే కమిషనర్ ఎక్కడ దొరుకుతాడు? చట్టం చేసిన చేతులే దానికి దొడ్డిదారి కూడా తెరిచి పెట్టాయి.

2001 జనవరిలో భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చినప్పుడు కుతుబ్ మినార్ వంటి కట్టడాల దగ్గర ఆయన కుర్చీ కోసం తాత్కాలికంగా ర్యాంపులు వేశారు. ప్రముఖ అతిథి కోసం స్తోమత రాత్రికి రాత్రే పుట్టుకొచ్చింది. అదే ఏడాది జనాభా లెక్కల్లో వికలాంగుల సంఖ్య రెండు కోట్లు దాటింది. 2011 లెక్కల నాటికి అది 2.68 కోట్లు. వారిలో కదలికలో ఇబ్బంది ఉన్నవారు 54 లక్షలు, చూపులో ఇబ్బంది ఉన్నవారు 50 లక్షలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అన్ని రకాల వైకల్యాలూ కలిపి 22 లక్షలకు పైగా ఉన్నారు. మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లు, ఆపరేషన్ అయి వాకర్ పట్టుకుని నడిచేవాళ్లు ఈ లెక్కలో లేరు.

గట్టు ఎత్తు సంగతికొద్దాం. పాదచారుల సదుపాయాలపై, రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో వెలువరించిన మార్గదర్శకాలను 2012లో సవరించారు. ఆ సవరణ ప్రకారం ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. నడవడానికి ఏ అడ్డూ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. తలపైన 2.2 మీటర్ల వరకు ఏ బోర్డూ వేలాడకూడదు. ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి, అంటే 15 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కడానికి 1.8 మీటర్ల పొడవైన వాలు కావాలి. ఎత్తు అడుగుకు చేరితే పొడవు మూడున్నర మీటర్లు దాటుతుంది. చాలా వీధుల్లో ఫుట్‌పాత్ వెడల్పే అందులో సగం ఉండదు. కాబట్టి గట్టు ఒకసారి ఎత్తు కట్టేశాక తర్వాత ఎంత మంచి ఇంజనీరు వచ్చినా అక్కడ సరైన ర్యాంపు పట్టదు. పేరుకు కట్టినా అది జారుడుబల్ల అవుతుంది.

మరి అంత ఎత్తు ఎందుకు కడతారు? తెలుగు ఊళ్లలో చాలాచోట్ల ఫుట్‌పాత్ అంటే సైడు కాలువ మీద పరిచిన పలకలే. దాని ఎత్తును కాలువ నిర్ణయిస్తుంది, మనిషి కాలు కాదు. వానాకాలం ముందు పూడిక తీయడానికి పలకలు లేపుతారు, తిరిగి వేసేటప్పుడు ఒకటి అటు, ఒకటి ఇటు వాలుతుంది. మధ్యలో సందులు మిగులుతాయి. చేతికర్ర మొన ఆ సందులో దిగిందంటే మనిషి ముందుకు పడతాడు. రోడ్డు మీద తారు పొర మీద పొర వేసుకుంటూ పోతే నీళ్లు పక్కకు ఎక్కుతాయని గట్టును మళ్లీ లేపుతారు. ఆ పక్కన షాపువాళ్లు సెల్లార్‌లోకి కార్లు దిగడానికి సిమెంటు వాలును ఫుట్‌పాత్ మీదికి లాగుతారు. ప్రతి పది అడుగులకూ ఒక మట్టం. ఒంట్లో సత్తువ ఉన్నవారు కూడా విసిగి రోడ్డు మీదికి దిగేది ఇందుకే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది.

ఇక ద్విచక్ర వాహనాల గొడవ. సిగ్నల్ దగ్గర ఆగడం ఇష్టంలేని బైకులు ఫుట్‌పాత్ ఎక్కేస్తాయి. వాటిని ఆపడానికి మొదట్లోనూ చివర్లోనూ ఇనుప స్తంభాలు పాతుతారు. చక్రాల కుర్చీ వెడల్పు, స్కూటరు హ్యాండిల్ వెడల్పు దాదాపు ఒకటే, డెబ్బై సెంటీమీటర్లకు అటూఇటూ. కుర్చీ పట్టేంత సందు వదిలితే బైకు దూరుతుంది, బైకు ఆగేలా పాతితే కుర్చీ ఆగిపోతుంది. ఈ చిక్కును స్తంభాలు తీర్చలేవు, చలానాలే తీర్చాలి. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 2022 అక్టోబరులో ‘ఆపరేషన్ రోప్’ పేరుతో ఆక్రమణలు, అడ్డదిడ్డమైన పార్కింగు మీద పడ్డారు. అలాంటి దాడుల్లో ముందు దొరికిపోయేది తోపుడు బండి. 1985లో బొంబాయి ఫుట్‌పాత్ నివాసుల గురించిన ఓల్గా టెల్లిస్ కేసులోనూ ఫుట్‌పాత్ నడిచేవారిదేనని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, కేబుల్ పెట్టె, సగం దారి మింగిన బస్ షెల్టర్ ఎవరివి? బండి సాయంత్రానికి ఇంటికి పోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ పోదు.

చూపులేనివారికి దారి చూపే పసుపు పలకల కథ వేరు. వీటిని 1965లో జపాన్‌కు చెందిన సెయిచీ మియాకే కనిపెట్టాడు, చూపు పోతున్న స్నేహితుడి కోసం. 1967 మార్చి 18న ఒకయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గర మొదటిసారి పరిచారు. పొడవు గీతలుంటే సాగిపొమ్మని, గుండ్రటి బొడిపెలుంటే ఆగి చూసుకోమని అర్థం. మెట్రో స్టేషన్లతో పాటు మన ఫుట్‌పాత్‌లకూ ఇవి వచ్చాయి, అర్థం మాత్రం వెంట రాలేదు. ముగ్గు వేసినట్టు బొడిపెల పలకలనే ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచిన చోట్లున్నాయి. గీతల వెంట నమ్మకంగా నడిస్తే నేరుగా స్తంభానికి తగిలే చోట్లూ ఉన్నాయి. అంత తప్పుగా వేయడం కంటే వేయకపోవడమే మేలు. పలకలు లేనిచోట కనీసం చేతికర్ర జాగ్రత్తగా తడుముతుంది.

ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారత్ 2007లో ఆమోదించింది. దానికి అనుగుణంగా 2016లో కొత్త చట్టం వచ్చింది. ఈసారి మాట గట్టిగానే ఉంది. అయితే 2017 నాటి నిబంధనల్లో 15వది ప్రమాణాలను మార్గదర్శకాల స్థాయిలోనే వదిలేసింది. 2005 నుంచి కోర్టులో పోరాడుతున్న రాజీవ్ రతూరీ చూపులో వైకల్యం ఉన్న వ్యక్తి. ఆయన కేసులో 2017 డిసెంబరులో కోర్టు వరుస ఆదేశాలిచ్చింది. అవి ఎంతవరకు అమలయ్యాయో చూడమని తర్వాత హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రాన్ని కోరింది. ఆ నివేదిక ముందుకొచ్చాక, 2024 నవంబరు 8న అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ధర్మాసనం 15(1) నిబంధన మూల చట్టానికే విరుద్ధమని చెప్పి, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు రాయమంది. 1995లో ‘స్తోమత’ చేసిన పనిని 2017లో ‘మార్గదర్శకం’ చేసిందన్నమాట.

రాష్ట్రాలకు అధికారం లేక కాదు. రోడ్ల నిర్మాణ ప్రమాణాలపైన, పాదచారుల రాకపోకలపైన నిబంధనలు చేసుకునే వీలు మోటారు వాహనాల చట్టానికి 2019లో తెచ్చిన సవరణలోనే ఉంది. ప్రమాణాలు పాటించక మరణానికో వైకల్యానికో కారణమైన కాంట్రాక్టరుకు, అధికారికి లక్ష రూపాయల వరకు జరిమానా వేసే 198ఎ సెక్షన్ కూడా అప్పుడే వచ్చింది. ఆ నిబంధనలు ఆరు నెలల్లో చేయాలని సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 7న మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఆ నిబంధనలు రాసేటప్పుడు చూడాల్సింది ఎం-బుక్, అంటే చేసిన పని కొలతలు ఎక్కించే పుస్తకం. ఫుట్‌పాత్ పనిలో పేవర్ బ్లాకులు చదరపు మీటర్లలో, కర్బు రాళ్లు మీటర్లలో అందులోకి ఎక్కుతాయి, ఆ కొలతల మీదే బిల్లు నడుస్తుంది. ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి ఉందా, పసుపు గీత స్తంభాన్ని తప్పించుకుని వెళ్లిందా అని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కొలిచి సంతకం పెడితేనే బిల్లు కదులుతుందని నిబంధనల్లో ఒక్క వాక్యం చేరిస్తే, కాంట్రాక్టరే టేపు పట్టుకుని తిరుగుతాడు.